మాక్స్ ప్లాంక్ పండితుని జీవితము

2009వ సంవత్సరము మే నెల 14వ తేదీన, దక్షిణ అమెరికా ఖండమునందలి ఫ్రెంచి గయానాలోని కూరూ అను స్థలమునుండి ఐరోపీయులు ఒక ఉపగ్రహమును ఆకాశమునకు ప్రయోగించిరి. అది భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరమునకు పోయి, విశ్వము శైశవావస్థలో నున్నప్పుడు వెలువడిన వెలుగు యొక్క శేషమును నాలుగేండ్లకు పైగా కొలుచుచుండెను. ఆ ఉపగ్రహమునకు ప్లాంక్ అని పేరు. ఆ పేరుగల పెద్దమనుష్యుడు అంతకు 61 యేండ్ల క్రిందటనే మృతినొందెను. ఉపగ్రహమన్నది ఆయన కన్నులారా చూచినది కాదు. మఱి ఆకాశపు వేడిమిని కొలుచు యంత్రమునకు ఆయన పేరేల పెట్టిరి? మన పై తరగతుల విద్యార్థులు భౌతికశాస్త్ర పుస్తకమున హెచ్ అను అక్షరముగా ప్లాంక్ స్థిరాంకమును వల్లించుచునే యున్నారు గాని, ఆ యక్షరము వెనుకనున్న మనుష్యుని అంతగా ఎఱుగరు. కావున ఆయన చరిత్రమును ఇచ్చట కొంత విపులముగ చెప్పదలచితిమి.

మాక్స్ ప్లాంక్ జర్మనీ దేశమున, కీల్ అను రేవుపట్టణమున, 1858వ సంవత్సరము ఏప్రిలు 23వ తేదీన జన్మించెను. తండ్రి న్యాయశాస్త్రాచార్యుడు. తాతయు ముత్తాతయు దైవశాస్త్రము బోధించిన ఆచార్యులు. 1867లో తండ్రికి మ్యూనిక్ నగరమున ఉద్యోగమగుటచేత కుటుంబమంతయు అచ్చటికి తరలిపోయెను. పిల్లవాడు అచ్చటి మాక్సిమిలియన్ పాఠశాలలో చేరెను. తరగతిలో మంచి విద్యార్థియే గాని అద్భుత మేధావియని ఎవరును అనుకొనలేదు. సంగీతమందు మాత్రము అసాధారణమైన నేర్పు కలిగియుండెను. పియానో, ఆర్గను, సెల్లో అను మూడు వాద్యములను వాయించుచు, ఒక దశలో సంగీతమునే వృత్తిగ చేసికొందునా యని కూడ తలపోసెను.

ఆ పాఠశాలలో హెర్మన్ మ్యుల్లర్ అను గణితోపాధ్యాయుడు ఉండెను. ఆయన శక్తి నిత్యత్వ నియమమును బోధించుచు ఒక చిన్న కథ చెప్పెను. తాపీపనివాడొకడు బరువైన రాతిని ఎంతో ప్రయాసపడి ఇంటి కప్పుమీదికి మోసికొనిపోయి యుంచును. వాని శ్రమ నశింపలేదు. అది రాతియందే దాగియుండును. ఏండ్లు గడచిన పిమ్మట ఒకనాడు ఆ రాయి వదులై క్రిందికి జాఱి దారిన పోవువాని తలమీద పడినప్పుడు ఆ శ్రమయంతయు మరల బయటపడును. ఈ కథ ప్లాంకు మనస్సున ఎంతగా నాటెననగా, డెబ్బది యేండ్లకు పిమ్మట తన జీవితమును గూర్చి వ్రాసికొన్నప్పుడు కూడ ఆయన దానిని మఱువక పేర్కొనెను. మనుష్యుల ఇష్టానిష్టములతో నిమిత్తము లేని నియమము ఒకటి లోకమునందు కలదని ఆయన మొదట గ్రహించినది ఆ పాఠమువలననే. నల్లబల్ల యొద్ద నిలువబడి నిత్యము పాఠములు చెప్పు మాబోటివారికి ఇది చదివినప్పుడు కలుగు సంతోషము ఇంతింత కాదు. మ్యుల్లరు గారు ఏ గ్రంథమును వ్రాసి పేరుపొందలేదు. ఆయన పేరు నిలిచియుండుట ఈ యొక్క రాతి కథవలననే.

1874లో పాఠశాల చదువు ముగించి విశ్వవిద్యాలయమున ప్రవేశింపబోవుచు ప్లాంకు, ఫిలిప్ ఫాన్ జోలీ అను భౌతికశాస్త్రాచార్యుని సలహా అడిగెను. భౌతికశాస్త్రమున కనుగొనదగినదంతయు దాదాపుగ కనుగొనబడినదనియు, మూలమూలల కొంచెము దుమ్ము దులుపుట మాత్రమే మిగిలినదనియు ఆయన హెచ్చరించెను. క్రొత్తవి కనుగొనవలెనని తనకు కోరికలేదనియు, ఉన్నదానిని చక్కగ తెలిసికొనిన చాలుననియు ఆ యువకుడు బదులు చెప్పి అదే విద్యయందు ప్రవేశించెను. ఆ శాస్త్రమును తలక్రిందులు చేయువాడు ఇట్లు వినయముగ ప్రవేశించుట విచిత్రమే.

1879లో ఉష్ణగతిశాస్త్రపు రెండవ నియమమును గూర్చి వ్యాసము వ్రాసి డాక్టరు పట్టము పొందెను. ఆ వ్యాసమును హెల్మ్‌హోల్ట్సు చదువనే లేదు. కిర్కాఫు చదివి ఒప్పుకొనలేదు. తరువాత మ్యూనిక్‌లో అయిదేండ్లు జీతములేని అధ్యాపకుడుగ కాలము గడపెను. 1885లో కీల్ విశ్వవిద్యాలయమున ఉద్యోగము దొరకెను. 1887లో మారీ మెర్క్ అను ఆమెను వివాహమాడెను. 1889లో, కిర్కాఫు మరణముచే ఖాళీయైన స్థానమునకు బెర్లిను విశ్వవిద్యాలయమువారు ఆయనను పిలిచిరి.

ఇక అసలు సంగతికి వత్తము. కమ్మరి కొలిమిలో ఇనుపకడ్డీని పెట్టినప్పుడు అది మొదట కెంపువన్నెగను, పిమ్మట పసుపువన్నెగను, కడపట తెల్లగను వెలుగుట మనమందఱము చూచియున్నాము. వేడిమి హెచ్చినకొలది వెలుగు రంగు మాఱుచుండును. నలుదిక్కుల మూసి, ఒక చిన్న రంధ్రము మాత్రము విడిచిన ఆవములోనికి తొంగిచూచినచో, లోపలనున్నవి మట్టికుండలైనను ఇనుపముక్కలైనను ఒక్క తీరుననే వెలుగును. ఆ రంధ్రమునుండి వచ్చు వెలుగునందు ఏ తరంగమెంత యున్నదన్నది వేడిమిని మాత్రమే అనుసరించి యుండునుగాని వస్తువును అనుసరింపదని కిర్కాఫు చాలకాలము క్రిందటనే నిర్ణయించెను. దీనినే నల్లని వస్తువు వెలుగు అందురు. ఇనుమునకును మట్టికిని భేదములేని ఈ నియమము యొక్క గణితరూపమేమి? మ్యుల్లరు గారి శిష్యుని చిత్తమును ఈ ప్రశ్న పట్టి లాగుటలో వింత లేదు.

అప్పటికి వీన్ అను పండితుడు 1896లో ఒక సూత్రము చెప్పియుండెను. బెర్లిను శివారు షార్లోటెన్‌బుర్గునందు ప్రభుత్వము నెలకొల్పిన కొలతల సంస్థలో లుమ్మరు, ప్రింగ్‌షైము, రూబెన్సు, కుర్ల్‌బౌము అను ప్రయోగనిపుణులు ఆ సూత్రమును పరీక్షించుచుండిరి. విద్యుద్దీపముల వెలుగునకు సరియైన కొలత ఏర్పఱచుట వారి యుద్యోగధర్మములలో ఒకటి. పొట్టి తరంగముల విషయమున వీన్ సూత్రము సరిపోయెను; పొడుగు తరంగముల విషయమున తప్పసాగెను. 1900వ సంవత్సరము అక్టోబరు 7వ తేదీ ఆదివారమునాడు రూబెన్సు భార్యాసమేతుడై ప్లాంకు ఇంటికి వచ్చి మాటలమధ్య ఈ సంగతి చెప్పెను. అతిథులు వెడలిపోయిన ఆ సాయంకాలమే ప్లాంకు కూర్చుండి పొట్టి తరంగములకును పొడుగు తరంగములకును ఏకముగ సరిపోవు సూత్రమొకటి కనిపెట్టి, కార్డుమీద వ్రాసి రూబెన్సునకు పంపెను. ఆ నెల 19వ తేదీన దానిని భౌతికశాస్త్ర సంఘమున చదివెను. ఆ రాత్రియే రూబెన్సు తన కొలతలను ఆ సూత్రముతో పోల్చిచూచి, మఱునాటి ఉదయమున వచ్చి, అన్నియు సరిపోయినవని తెలిపెను.

సామాన్యుడైనచో అంతటితో సంతోషించియుండును. ప్లాంకు అట్లు చేయలేదు. సూత్రము సరిపోయినది సరే. అది ఏల సరిపోయినది? ఆ తరువాతి కొన్ని వారములు తన జీవితమున మిక్కిలి కఠినమైన శ్రమ కాలమని ఆయన చెప్పుకొనెను. డిసెంబరు 14వ తేదీన జవాబుతో మరల ఆ సంఘము ఎదుట నిలిచెను. వస్తువులు వెలుగును వెడలగ్రక్కునప్పుడును పీల్చుకొనునప్పుడును శక్తి నీటిధారవలె ఎడతెగక పాఱదు. చిన్నచిన్న ముక్కలుగ మాత్రమే చేతులు మాఱును. అంగడిలో బియ్యమును నిండు కొలతలతోనే ఇత్తును, సగము కొలత ఇయ్యను, అని పట్టుబట్టిన వర్తకుని తలచుకొనుడు. పైగా ఆ వర్తకుడు సరకునుబట్టి కొలపాత్ర మార్చును. ఎఱ్ఱని వెలుగునకు అరసోల యనుకొన్నచో ఊదావెలుగునకు ఇంచుమించు సోల. తరంగము పొట్టిదైన కొలది పాత్ర పెద్దదగును. చేతిలో కొద్ది డబ్బుగలవాడు పెద్దపాత్ర సరకు కొనలేక వట్టిచేతులతో మరలును. కావుననే కొద్దిపాటి వేడిమిగల వస్తువు ఊదావెలుగును ఇయ్యజాలదు. ఆ పాత్ర కొలతను నిర్ణయించు స్థిరాంకమే మొదట చెప్పిన హెచ్.

ఈ ఊహ ఆయనకే రుచింపలేదు. పూర్వ పండితుల సిద్ధాంతములతో దీనిని ఎట్లయిన పొందుపఱుపవలెనని చాలయేండ్లు ప్రయత్నించి విఫలుడయ్యెను. 1905లో ఐన్‌స్టైను వెలుగే ముక్కలుగ నున్నట్లు భావింపవచ్చునని చెప్పి ఇంకను ముందునకు పోయెను. 1918వ సంవత్సరపు నోబెలు బహుమానము ప్లాంకునకు లభించెను. 1924లో డక్కా విశ్వవిద్యాలయమున నుండిన మన సత్యేంద్రనాథ బోసు గారు ప్లాంకు సూత్రమును క్రొత్తమార్గమున సాధించి ఐన్‌స్టైనునకు పంపిరి.

ఇంత కీర్తి కలిగిన యా యింట దుఃఖమునకు కొదువలేకపోయెను. 1909లో భార్య మారీ మరణించెను. నలుగురు బిడ్డలలో పెద్దవాడు కార్లు 1916లో వెర్డను యుద్ధరంగమున మడిసెను. కవలపిల్లలైన ఇద్దఱు కూతుండ్రలో గ్రేటె 1917లో ప్రసవించి ప్రాణము విడిచెను. తల్లిలేని ఆ పసికందును పెంచబోయిన ఎమ్మా, తరువాత ఆ బావనే పెండ్లాడి, 1919లో తానును ప్రసవానంతరమే గతించెను. మూడేండ్లలో ముగ్గురు బిడ్డలు. మిగిలినది ఎర్విను. ఈ కాలమంతయు ఆయన తరగతులు మానలేదు. ఒక్క కాగితపు ముక్క చేతబట్టక గంటసేపు తప్పులేకుండ ఉపన్యసించు ఆయన బోధను వినుటకై దూరదేశములనుండి విద్యార్థులు వచ్చుచుండిరి. రెండవ భార్య మార్గా ఇంటి భారము వహించెను. ఐన్‌స్టైను ఫిడేలుతో వచ్చినప్పుడు ఆ యింట పియానో మ్రోగుచునే యుండెను. 1920 మొదలు మరణపర్యంతము తమ పేటలోని దేవాలయమున ఆయన సంఘపెద్దగ నుండెను.

1933లో హిట్లరు అధికారమునకు వచ్చి, యూదులను ఉద్యోగములనుండి తొలగింపసాగెను. అప్పుడు ప్లాంకు కైసర్ విల్‌హెల్మ్ సంఘమునకు అధ్యక్షుడు; వయస్సు 75. ఆయన హిట్లరును దర్శించి యూదశాస్త్రజ్ఞుల పక్షమున, ముఖ్యముగ ఫ్రిట్స్ హాబరు పక్షమున, మాటాడజూచెను. ఆ మాటలకు హిట్లరు మండిపడెను. వృద్ధుడు మౌనముగ తిరిగివచ్చెను. హాబరు పరదేశమున చనిపోయిన మఱుసటి యేడు, 1935 జనవరిలో, ప్రభుత్వము ఆచార్యులను పోరాదని నిషేధించినను, ఆయన సంస్మరణసభ జరిపియే తీఱెను. అయినను బహిరంగముగ ఎదిరింపలేదనియు, సంస్థలను కాపాడుటకై అధికారులకు తలయొగ్గెననియు ఆయనను నిందించువారు కలరు. ఆ నింద పూర్తిగ నిరాధారము కాదని మా అభిప్రాయము. దేశము విడిచిపోయినవారు మాటాడగలిగిరి. ఉండిపోయినవాడు నిలబెట్టదలచిన వానిలో కొంత మాత్రమే నిలబెట్టగలిగెను. 1944 ఫిబ్రవరిలో బాంబులచే ఆయన గృహము కాలి, గ్రంథములు, దినచర్య పుస్తకములు, ఉత్తరములు సమస్తము బూడిదయ్యెను. ఆ యేటి జూలైలో హిట్లరును చంపుటకు జరిగిన కుట్రతో సంబంధము కలదని ఎర్వినును పట్టుకొనిరి. తండ్రి దయాభిక్ష నర్థించుచు హిట్లరునకు కూడ వ్రాసెను. ఫలము లేకపోయెను, 1945 జనవరి 23వ తేదీన ఎర్వినును ఉరిదీసిరి. యుద్ధాంతమున 87 యేండ్ల ప్లాంకు, వెన్నెముక నొప్పితో వంగిపోయి, అడవులలోను గడ్డివాములలోను తలదాచుకొనుచుండగా అమెరికా సైనికులు ఆయనను గొట్టింగెను పట్టణమునకు చేర్చిరి. మఱుసటి యేట లండనున జరిగిన న్యూటను జయంత్యుత్సవమునకు జర్మనులలో ఆయన నొక్కనినే ఆహ్వానించిరి. 1947 అక్టోబరు 4వ తేదీన గొట్టింగెనునందు కన్నుమూసెను. ఆయన గోరీ రాతిమీద పేరును, అడుగున హెచ్ యొక్క విలువయు చెక్కియున్నవి.

ఆయన మరణించిన మఱుసటి సంవత్సరముననే, 1948లో, ఆల్ఫరు, హెర్మను అను ఇద్దఱు అమెరికా పండితులు, విశ్వము ఆదియందు మహోష్ణముగ నుండినచో ఆ వెలుగు చల్లాఱి నేటికిని ఆకాశమంతట నిండియుండవలెననియు, దాని వేడిమి పరమశూన్యమునకు 5 డిగ్రీలు పైన నుండవచ్చుననియు లెక్కగట్టిరి. దానిని ఎవరును అప్పుడు వెదకలేదు. 1964, 65 సంవత్సరములలో న్యూజెర్సీయందు పెన్జియాసు, విల్సను అను ఇద్దఱు పెద్దకొమ్ము వంటి రేడియో గ్రాహకముతో పనిచేయుచు, ఏ దిక్కునకు త్రిప్పినను తగ్గని రొద యొకటి వినిరి. కొమ్ములో గూడుకట్టిన పావురములను తఱిమి, వాని రెట్టను కడిగినను ఆ రొద పోలేదు. అదియే ఆ పురాతనపు వెలుగు. విశ్వమునకు 3,80,000 యేండ్ల ప్రాయమున, ఇంచుమించు 3,000 డిగ్రీల వేడిమితో వెలువడి, విశ్వము వ్యాకోచించుటచే తరంగములు సుమారు 1,100 రెట్లు సాగి, నేటికి మిల్లీమీటరు ప్రమాణము గలవైనవి.

అది నిజముగ ఆదికాలపు కొలిమి వెలుగే యైనచో, దానిలో ఏ తరంగమెంత యున్నదో అది ప్లాంకు సూత్రము ప్రకారమే యుండవలెను. కుమ్మరి ఆవమునకు చెప్పిన సూత్రము బ్రహ్మాండమునకు చెల్లునా? ఇదియే ప్రశ్న. భూమిమీదినుండి తేల్చుట కష్టము. వాయుమండలమందలి నీటియావిరి ఆ తరంగములను మ్రింగివేయును, తానును వెలుగును. 1987లో జపాను, అమెరికా శాస్త్రజ్ఞులు కలిసి రాకెట్టుతో కొలిచినప్పుడు పొట్టి తరంగముల వైపున సూత్రము చెప్పినదానికంటె వెలుగు అధికముగ కనబడెను. పండితులు కలవరపడిరి.

దీనిని తేల్చినది కోబ్ అను అమెరికా ఉపగ్రహము. దానిని రాకపోకల వ్యోమనౌకలో పంపదలచిరి; 1986 జనవరిలో చాలెంజరు నౌక ప్రేలి ఏడుగురు మరణించుటచే ఆ యేర్పాటు రద్దయ్యెను. యంత్రముయొక్క బరువును దాదాపు సగమునకు తగ్గించి 1989 నవంబరు 18వ తేదీన డెల్టా రాకెట్టుమీద పంపిరి. అందు మూడు పరికరములు కలవు. వానిలో ఫిరాస్ అనునది సన్నాయి మూతివలె విచ్చుకొన్న గొట్టముతో ఆకాశపు వెలుగును పట్టి, తనలోనేయున్న నల్లని వస్తువు వెలుగుతో సరిపోల్చును. త్రాసులో ఒక తట్టయందు ఆకాశము, రెండవ తట్టయందు వేడిమి తెలిసిన నల్లని పెట్టె యనుకొనుడు. పెట్టె వేడిమిని సవరించుచు రెండు తట్టలును ఇంచుమించు సమమగునట్లు చేసి, మిగిలిన స్వల్ప భేదమును మాత్రమే కొలుతురు. త్రాసు నిజమైనదో కాదో చూచుటకు, మఱియొక నల్లని బిరడాను అప్పుడప్పుడు గొట్టపు మూతికి దింపి, ఆకాశమునకు బదులుగ దానిని తూచుదురు. ఈ పరికరము తన సొంత వేడిమితో వెలుగకుండుటకై ద్రవహీలియముతో పరమశూన్యమునకు డిగ్రీన్నర పైన ఉంచబడెను.

1990 జనవరిలో జాన్ మేథరు అను శాస్త్రజ్ఞుడు తొమ్మిది నిమిషముల కొలతలను మాత్రమే తీసికొనివచ్చి జ్యోతిశ్శాస్త్రజ్ఞుల సభయందు ఒక్క పటమును చూపెను. కొలతల చుక్కలన్నియు ప్లాంకు గీతమీదనే కూర్చుండియుండెను. సభ్యులందఱు లేచి నిలుచుండి కరతాళధ్వనులు చేసిరి. రాకెట్టు చూపిన అధికపు వెలుగు లేనేలేదు. తరువాతి లెక్కలలో ఆ వేడిమి 2.725 డిగ్రీలని తేలినది. గీతనుండి ఎడము ఏమైన ఉన్నచో అది శిఖరపు ఎత్తున పదిలక్షలలో 50 భాగములకు మించదు. ప్రయోగశాలలో నిర్మించిన ఏ ఆవమును ఇంత చక్కగ ఆ సూత్రమునకు లోబడదు. అదే ఉపగ్రహములోని మఱియొక పరికరము, ఆకాశమున ఒకదానికొకటి 60 డిగ్రీల దూరమందున్న రెండు చోట్ల భేదమును కొలుచుచు, వేడిమి లక్షలో ఒక పాలు మాత్రము ఇటునటు మాఱుచున్నదని చూపెను. ఆ మచ్చలే కాలక్రమమున నక్షత్రమండలములైన సాంద్రభేదముల గుర్తులు. ఈ వార్తను 1992 ఏప్రిలు 23వ తేదీన ప్రకటించిరి. ఆ దినము ప్లాంకు జన్మదినమగుట కేవలము కాకతాళీయమే. అయినను చెప్పక విడువ మనసొప్పలేదు. మేథరునకును, ఆ రెండవ పరికరపు ముఖ్యుడైన స్మూటునకును 2006లో నోబెలు బహుమానము లభించెను.

2001లో అమెరికావారు పంపిన ఉపగ్రహము, దాని వెనుక 2009లో ఐరోపీయుల ప్లాంక్ ఉపగ్రహము ఆ మచ్చలను మఱింత సూక్ష్మముగ చిత్రించినవి. ప్లాంక్ ఉపగ్రహము నిమిషమున కొకసారి తనచుట్టు తాను తిరుగుచు ఆఱునెలలకొకమాఱు ఆకాశమంతటిని చుట్టివచ్చుచుండెను. అందలి హెచ్చు పౌనఃపున్య పరికరమున, సాలెగూటి వంటి సన్నని వలలకు సూక్ష్మమైన ఉష్ణమాపకములను అతికిరి. వానిని రెండు జాతుల హీలియము మిశ్రమముతో పరమశూన్యమునకు డిగ్రీలో పదవవంతు పైన మాత్రమే నిలిపిరి. విశ్వము వయస్సు 1,380 కోట్ల సంవత్సరములని దాని కొలతలు తేల్చినవి. 2012 జనవరిలో ఆ హీలియము నిండుకొనెను. 2013 అక్టోబరు 23వ తేదీన ఉపగ్రహమును ఆర్పివేసిరి.

ఆ ఉపగ్రహము కొలిచినది మచ్చలను; గీతనుండి ఎడమును కాదు. ఆ విషయమున ఫిరాస్ కొలతను మించినది ఇంతవరకు లేదు. సూత్రమునుండి మఱింత సూక్ష్మమైన ఎడము ఉండియే తీఱవలెనని సిద్ధాంతకర్తలు చెప్పుచున్నారు. దానిని వెదకుటకు క్రొత్త ఉపగ్రహములను పంపవలెనని ప్రతిపాదనలు వచ్చినవి గాని, ఒక్కటియు ఇంకను ఎగురలేదు.